బొమ్మలో కులం పేరు లేదన్నారు

2024 ఎన్నికలప్పుడు కర్నూలులో మా వైపు తిరిగిన ఒక ప్రచార వ్యాన్ మీద అర నిమిషం కార్టూన్ ఒకటి వేసేవాళ్లు. వ్యాన్ వెనక ఎల్‌ఈడీ తెర, పైన సౌండ్ బాక్సులు. పథకాల పాట అయిపోగానే ఈ బొమ్మ వచ్చేది. రాత్రి పూట ఒక వీధి. కన్ను ముక్కు తెలియకుండా మసి పూసినంత నల్లగా గీసిన నలుగురు మగవాళ్లు, పళ్లు మాత్రం తెల్లగా. ఒకడి చేతిలో కన్నం వేసే గునపం. ఇంకొకడు తాడు కట్టిన పందిని లాక్కొస్తుంటాడు. వాళ్ల ముందు ఒక ఆడమనిషి, చంకలో గంప, చేతిలో పుల్ల, నుదుట రూపాయి కాసంత బొట్టు. ఆమె ఒక ఇంటి గడపలో కూర్చుని ఇంటావిడ చెయ్యి పట్టుకుని ఎరుక చెప్తుంటుంది, వెనక గోడకు మగవాళ్లు కన్నం వేస్తుంటారు. మూటలు కట్టుకుని బయటికొచ్చేసరికి నలుగురి మెడల్లోనూ ఎదుటి పార్టీ కండువాలు. "మళ్లీ వీళ్లేనా?" అని తెర నిండా అక్షరాలు. తర్వాత తెల్లవారుతుంది, ఎర్రగా బుర్రగా ఉన్న అభ్యర్థి నవ్వుతూ నడిచొస్తాడు.

ఏ పార్టీ అన్నది రాయను. రాస్తే సగం మంది ఆ పార్టీ గురించే కొట్లాడుకుంటారు, బొమ్మ సంగతి పక్కకు పోతుంది.

మేము ఎరుకలవాళ్లం, ఎస్టీలం. గంప, పుల్ల, పంది, ఎరుక చెప్పడం ఒకే తెర మీద కనపడితే రాయలసీమలో ఎవరికీ ఇంకేమీ చెప్పనక్కర్లేదు. వాటిలో సిగ్గుపడాల్సింది ఒక్కటీ లేదు. మా అమ్మ ఈత బరిగెలతో గంపలల్లి, సంతల్లో అమ్మి మమ్మల్ని చదివించింది. కానీ వాటి పక్కన ఆ గునపం పెట్టారు చూడండి, అక్కడ ఉంది అసలు విషయం. 1871లో తెల్లవాళ్లు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టిన జాబితాలో మావాళ్లూ ఉన్నారు. వేలిముద్రలు ఇవ్వాలి, పోలీసుల దగ్గర హాజరు పలకాలి, ఊరు కదలాలంటే చెప్పి కదలాలి. బాపట్ల వైపు స్టూవర్టుపురం పేరు అందరూ వినే ఉంటారు. మన ఆత్మకూరు వైపు సిద్ధాపురంలో కూడా అలాంటి సెటిల్‌మెంటే నడిపారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. మా జేజినాయన మాత్రం పోయేదాకా చీకటి పడ్డాక ఊరి పొలిమేర దాటేవాడు కాదు. ఎవరింట్లో ఏది పోయినా ముందు మన గుడిసె దగ్గరికే వస్తారని చెప్పేవాడు.

నేను కలెక్టరేట్ దగ్గర అర్జీలు టైపు చేసి బతుకుతాను. పాసుపుస్తకం, పింఛను, ఇంటి స్థలం, సర్వే తగాదా, ఏదైనా సరే ఒక పేజీలో అధికారికి అర్థమయ్యేట్టు రాసివ్వడం నాకొచ్చిన విద్య. ఎన్నికల కోడ్ వచ్చిందంటే సోమవారం అర్జీలు తీసుకోవడం ఆగిపోతుంది, మా టేబుళ్ల దగ్గర ఈగలు తోలుకోవడమే. కాబట్టి తీరిక ఉంది. మొదట వ్యాన్ చూసినప్పుడు ఒళ్లు మండింది కానీ, ఎన్నికల్లో ఇంతకంటే దరిద్రాలు చూడలేదా అనుకుని ఊరుకున్నాను. ఊరుకోనివ్వనిది మా తమ్ముడి కూతురు. డిగ్రీ చదువుతోంది. ఆ వీడియోను ఎవరో వాళ్ల క్లాసు గ్రూపులో పెట్టి, కింద ఈ పిల్లను ట్యాగ్ చేసి, నవ్వే బొమ్మలు వరసగా పెట్టారు. "పెదనాయనా, ఊర్లో అందరికీ అర్జీలు రాస్తావు కదా, దీనికి రాయవా?" అంది.

ముందు ఎన్నికల సంఘం ఫిర్యాదుల కోసం పెట్టిన సీ విజిల్ యాప్‌తో మొదలుపెట్టాను. చాలామందికి దీని సంగతి సరిగా తెలియదు. వాట్సాప్‌లో వచ్చిన వీడియోను ఇందులో ఎక్కించలేం, ఫోన్ గ్యాలరీలోంచి తీసుకోదు. లొకేషన్ ఆన్ చేసి అక్కడికక్కడే ఫోటోనో, రెండు నిమిషాలు మించని వీడియోనో తీయాలి, తీసిన 5 నిమిషాల్లోపు పంపేయాలి. కదిలే వ్యాన్ వెనక ఫోన్ పట్టుకుని పరిగెత్తడం నా వయసులో అయ్యే పని కాదు. అదృష్టమో దురదృష్టమో, అదే బొమ్మతో ఒక ఫ్లెక్సీ మా కాలనీ మలుపులో కరెంటు స్తంభానికి కట్టారు. దాన్ని తీసి పంపాను. పేరు లేకుండా కూడా పంపొచ్చు, కానీ అప్పుడు ఫిర్యాదు ఏమైందో మనకు తెలియదు. అందుకే పేరుతోనే పంపాను.

100 నిమిషాల్లో తేల్చాలనేది ఆ యాప్ లెక్క. నిజం చెప్పాలంటే అంతకంటే ముందే ఫ్లయింగ్ స్క్వాడ్ జీపు వచ్చింది. ఫ్లెక్సీ విప్పారు, చుట్టారు, జీపులో పడేశారు. ఫిర్యాదు పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఎందుకు విప్పారంటే, స్తంభానికి అనుమతి లేకుండా కట్టారు కాబట్టి. అదే స్తంభానికి పెళ్లి ఫ్లెక్సీ కట్టినా విప్పేవాళ్లే. బొమ్మ గురించి ఎక్కడా ఒక్క మాట లేదు. ఆ సాయంత్రం వ్యాన్ మళ్లీ మా సందులోకే వచ్చింది.

చుట్టే ముందు ఆ ఫ్లెక్సీ అడుగు భాగం ఫోటో తీసి పెట్టుకున్నాను. ప్రజా ప్రాతినిధ్య చట్టం 127ఎ ప్రకారం ఎన్నికల పోస్టరు మీద ముద్రించినవాళ్ల పేరు, చిరునామా, వేయించినవాళ్ల పేరు, చిరునామా ఉండాలి. దాని మీద రెండూ లేవు. దీనికి శిక్ష 6 నెలల దాకా జైలు, లేదా 2000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ రోజుల్లో మంచి ఫ్లెక్సీ ఖర్చే అంతకంటే ఎక్కువ అవుతుంది, అది వేరే సంగతి.

మర్నాడు మా నియోజకవర్గం ఎన్నిక నడిపే రిటర్నింగ్ అధికారి (ఆర్వో) ఆఫీసుకు పోయాను. ఆ టైంలో ఆ ఆఫీసు ఎట్లుంటుందో చూసినవాళ్లకే తెలుసు. నామినేషన్ల జనం, వాహనాల పర్మిషన్ల జనం, కుర్చీలో ఉన్నవాళ్లకు నిద్ర ఉండదు. ఫిర్యాదులు తీసుకునే ఆయన నాకు ముఖపరిచయమే. ఫోన్‌లో వీడియో చూశాడు, ఇంకోసారి వేసుకుని చూశాడు.

"అన్నా, దీంట్లో మీ కులం పేరు యాడుంది?"

"పేరు లేదు సార్. బొమ్మ చూస్తే తెలియట్లేదా?"

"నాకు తెలుస్తాది. నాకు తెలిస్తే సరిపోదు కదన్నా, కాయితం మీద ఉండాల. దొంగలు అని ఎవరినైనా గీయొచ్చు అంటారు వాళ్లు."

ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయన చెప్పింది దారే. మాటతో తిడితే ఆ మాటనే కొటేషన్లలో పెట్టి అర్జీలో రాస్తాం. బొమ్మతో తిడితే, చూసిన వెంటనే అందరికీ అర్థమైపోయేదాన్ని ఎవరికీ అర్థం కానట్టు ఒక్కొక్కటిగా విడదీసి రాయాలి. ఇన్నేళ్లలో నేను రాసిన అర్జీల్లో అంత కష్టమైంది లేదు.

మా వీధిలో ఉండే ఒక జూనియర్ లాయరమ్మ సాయం పట్టింది. ఆమె మొదట అడిగింది, వీడియో పాజ్ చేసి చూశావా అని. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో వేసుకుని సెకను సెకనుకూ ఆపి చూశాం. అప్పుడు కనపడినవి వ్యాన్ మీద కనపడలేదు. గంప అల్లిక కూడా సరిగ్గా మావాళ్లు అల్లే తీరులో గీశారు. వీధిలో మిగతావాళ్లందరి రంగూ చామనచాయ, ఈ అయిదుగురే బొగ్గు నలుపు. ఇంటావిడ చేతి పక్కన ఎరుక చెప్పే ఆమె చెయ్యి పెట్టి ఆ తేడా కావాలని చూపించినట్టుంది. అక్కడ నాకు నోట మాట రాలేదు. రాత్రి వీధి కాబట్టి నల్లగా గీశారని వాళ్లు చెప్పుకోవచ్చు. మరి అదే రాత్రి, అదే దీపం కింద ఆ ఇంటావిడ ఎందుకు నల్లగా లేదు? ఈ ప్రశ్నను అర్జీలో ఒక వాక్యంగా పెట్టాం. తర్వాత ఎవరు చదివినా ఆ వాక్యం దగ్గరే ఆగారు.

లాయరమ్మ మాటల్లో మాటగా అమెరికా సంగతి ఒకటి చెప్పింది. 1988లో అక్కడ అధ్యక్ష ఎన్నికల్లో జార్జ్ బుష్ తరఫున ఆయన మద్దతుదారుల సంస్థ ఒకటి టీవీ ప్రకటన వేసింది. ఎదురు నిలబడిన డుకాకిస్ గవర్నరుగా ఉన్న రాష్ట్రంలో వారాంతపు సెలవు మీద జైలు నుంచి బయటికొచ్చి తిరిగి పోకుండా నేరాలు చేసిన విల్లీ హోర్టన్ అనే నల్లజాతి ఖైదీ ఫోటో చూపించారు. ప్రకటన మొత్తంలో జాతి అన్న ఊసే లేదు. ఆ ఫోటో ఒక్కటే చాలు. ఇప్పటికీ దాని మీద చర్చ జరుగుతూనే ఉందట. ఇది అర్జీలో రాద్దామా అన్నాను ఉత్సాహంగా. "ఆర్వోకి అమెరికా ఎందుకన్నా, ఉన్న చట్టం చాలు" అని కొట్టేసింది.

ఉన్న చట్టం అంటే ఇదీ. ఎన్నికల ప్రవర్తనా నియమావళిలో మొట్టమొదటి అంశమే, కులాల మధ్య, మతాల మధ్య ఉన్న తేడాలను పెంచే పని, ద్వేషం పుట్టించే పని ఏ పార్టీ చేయకూడదని. ప్రజా ప్రాతినిధ్య చట్టం 125 ప్రకారం అలా చేయడం నేరం, 3 ఏళ్ల దాకా శిక్ష ఉంది. అదే పనిని ఎన్నికల అవినీతి చర్యగా చూసే 123(3ఎ) కూడా ఉంది కానీ దానికి ఫలితాలొచ్చాక 45 రోజుల్లో హైకోర్టులో ఎలక్షన్ పిటిషన్ వేయాలి, అది మన తాహతుకు మించిన పని. అన్నిటికంటే మాకు సరిగ్గా సరిపోయింది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోని 3(1)(యు). మాటలతోనే కాదు, సైగలతో, కంటికి కనపడే చిత్రణతో ఎస్సీ, ఎస్టీల మీద ద్వేషం రెచ్చగొట్టినా నేరమే అని అందులో ఉంది. ఆ లైను ప్రింటు తీసి, హైలైటర్‌తో గీసి, అర్జీ మీదే పిన్ను కొట్టాను.

ఈలోపు సంగతి బయటికి పొక్కింది. మా అక్క మొగుడు ఆ పార్టీలోనే వార్డు స్థాయిలో తిరుగుతాడు. రాత్రి ఇంటికొచ్చాడు.

"ఏంరా, ఇంకో పది దినాలుంటే ఎలక్షన్ అయిపోతాది, అందరూ మర్చిపోతారు. నువ్వు కాయితం పెడితే మన పేరే నలుగురి నోళ్లల్లో నానుతాది."

"వాళ్లు తెర మీద వేసినప్పుడు నానలేదా బావా?"

"ఎవుడో డిజైన్ చేసినోడు చేసినాడు. సారుకు తెలీదు."

"తెలీకపోతే తెలుస్తాది. దానికే కదా కాయితం."

ఆయన బాధ కూడా అబద్ధం కాదు. ఆ పార్టీలో మావాళ్లకు ఏదో ఒక పదవి వస్తుందని ఏళ్ల తరబడి జెండా మోశాడు. అన్నం కూడా తినకుండా పోయాడు.

ఎదుటి పార్టీవాళ్లు ఇంకా ఘనులు. కారేసుకుని వచ్చారు. ప్రెస్‌మీట్ పెడతాం, మీ ఆడవాళ్లను నలుగురైదుగురిని గంపలతో తీసుకుని రా, ఫోటోకు బాగుంటుంది అన్నారు. ఆ మాటన్న మనిషికి తానేం అన్నాడో కూడా తెలియలేదు. మేము రాము అన్నాను. వీడియో అయినా ఇవ్వు, మా పేజీల్లో పెట్టి ఊరంతా చూపిస్తాం అన్నారు. అదీ ఇవ్వలేదు. వ్యాన్ తిరిగింది కొన్ని వీధులే. వీళ్లు ఖండిస్తూ పెడితే జిల్లా అంతా చూస్తుంది. అందుకే అర్జీలో బొమ్మ స్క్రీన్‌షాట్లు అధికారులకు మాత్రమే సీల్డ్ కవర్లో ఇచ్చి, బయటివాళ్లకు మాటల్లో వర్ణన ఉన్న కాగితమే ఇచ్చాను. ఒక విలేకరికి కాళ్లావేళ్లా పడి చెప్పాను, రాయండి కానీ బొమ్మ వేయొద్దని. జిల్లా పేజీలో మూడు కాలాల వార్త వచ్చింది, పక్కనే బొమ్మ, రంగుల్లో. మా తమ్ముడు ఆ పేపర్ను మడిచి బీరువా మీద పడేశాడు.

మలుపు తిరిగింది మీడియా సర్టిఫికేషన్ కమిటీ దగ్గర. ఎంసీఎంసీ అంటారు, జిల్లాకొకటి ఉంటుంది. 2004 ఏప్రిల్ 13న జెమినీ టీవీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో రాజకీయ ప్రకటనలకు ముందస్తు సర్టిఫికెట్ మొదలైంది. టీవీ, రేడియోలే కాదు, బహిరంగ ప్రదేశాల్లో తెర మీద వేసేవాటికి కూడా కావాలి. పార్టీలు, అభ్యర్థులు వేసే తేదీకి 3 రోజుల ముందే వీడియో రెండు కాపీలు, సంతకం చేసిన మాటల ప్రతి ఇచ్చి అనుమతి తీసుకోవాలి. ఈ వీడియోకు సర్టిఫికెట్ ఉందా, ఉంటే ఏ నంబరు అని నా అర్జీలో చివరి పేరాగా అడిగాను. వ్యాన్లకు పర్మిషన్లు రాయించుకోవడానికి వచ్చేవాళ్ల నోట విని విని ఈ రూలు నాకు తెలుసు.

సర్టిఫికెట్ ఉంది. కానీ దాని కోసం ఇచ్చిన వీడియోలో చీకటి వీధి, తాళం వేసిన రేషన్ షాపు, ఖాళీ బిందెలు, ఆ పైన "మళ్లీ వీళ్లేనా?". మాటల ప్రతితో పోల్చి చూస్తే వ్యాన్ మీది వీడియోలో అక్షరం తేడా లేదు. బొమ్మ ఒక్కటే మార్చారు. తనిఖీ చేసేవాళ్లు కాగితం పట్టుకుని వ్యాన్ ముందు నిలబడితే అన్నీ సరిగ్గా ఉన్నట్టే కనపడుతుంది. ఇంత తెలివి పెట్టినవాళ్లు, సారుకు తెలీదంటే నేను నమ్మను.

నోటీసు వెళ్లింది, 24 గంటల్లో జవాబు చెప్పమని. జవాబు కాపీ అడిగి తీసుకున్నాను. అది ఊహాజనిత చిత్రణ, ఏ వర్గాన్నీ ఉద్దేశించింది కాదు, ఎవరైనా నొచ్చుకుని ఉంటే చింతిస్తున్నాం అని ఉంది. ఇలాంటి వాక్యాలు నేను కూడా జనాలకు రాసిస్తుంటాను కాబట్టి దాని విలువ నాకు తెలుసు. సర్టిఫికెట్ లేని వీడియో వేసినందుకు వ్యాన్ ఆపించారు, ఆ క్లిప్పు తీసేశాక మళ్లీ వదిలారు. ఉత్తర్వులో ముందు రాసింది అంతవరకే. నేను మళ్లీ పోయి ఆర్వో గారినే కలిశాను. స్తంభం రూలుతో ఫ్లెక్సీ పోయింది, సర్టిఫికెట్ రూలుతో వ్యాన్ ఆగింది, మమ్మల్ని అన్నదానికి ఏ కాగితంలోనూ జవాబు లేదు మేడమ్ అన్నాను. ఆవిడ అర్జీ మొత్తం చదివారు, ఆ దీపం కింద రంగు తేడా వాక్యం దగ్గర పెన్నుతో గీత పెట్టుకున్నారు. సవరించిన ఉత్తర్వులో ఒక లైను చేరింది: సదరు చిత్రణ ఒక షెడ్యూల్డ్ తెగను కించపరిచేదిగా ఉన్నట్టు ప్రాథమికంగా కనిపిస్తున్నందున పోలీసు శాఖకు పంపడమైనది. నాకు కావాల్సింది ఆ లైనే.

ఇక పోలీసుల సంగతి. స్టేషన్లో విచారణ చేసి కేసు కడతాం అన్నారు. ఎస్సీ, ఎస్టీ చట్టం కింద ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018లో చేర్చిన 18ఎ చెప్తుందని లాయరమ్మ మెత్తగానే గుర్తుచేసింది. నా కుల ధ్రువీకరణ పత్రం అడిగారు, ఇచ్చాను. పోలింగ్ మే 13న అయింది, ఎఫ్ఐఆర్ ఆ తర్వాతే చేతికొచ్చింది. ఈ కేసుల్లో దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి, 60 రోజుల్లో ముగించాలి అని రూలు. రూలు రూలుగానే ఉంది.

వాట్సాప్‌ది మాత్రం ఏ ఆఫీసూ చేయలేని పని. ఫేక్ వీడియోలు తమ దృష్టికొచ్చిన 3 గంటల్లో తీసేయాలని 2024 మే 6న ఎన్నికల సంఘం పార్టీలకు చెప్పింది కానీ, అది పార్టీల ఖాతాల వరకు. పెళ్లిళ్ల గ్రూపులు, అపార్ట్‌మెంట్ గ్రూపులు, చిట్టీల గ్రూపుల్లోకి పోయినదాన్ని ఎవరు తీస్తారు? నాకు తెలిసిన అడ్మిన్లకు ఫోన్లు చేశాను. కొందరు వెంటనే తీసేశారు, కొందరు "జోకు కదప్పా" అన్నారు. మా తమ్ముడి కూతురికి నేను ప్రిన్సిపాల్ పేరు మీద అర్జీ టైపు చేస్తానంటే వద్దంది. నాలుగు లైన్లు తనే చేత్తో రాసుకుని పోయి ఇచ్చింది. ఏం రాసిందో నాకు చూపించలేదు. ఆ పిల్లలు తీసేశారు, ఒకమ్మాయి ఇంటికొచ్చి మాట్లాడి పోయింది.

డీఎస్పీ ఆఫీసులో ఇటీవల తెలిసింది ఏమిటంటే, ఆ కార్టూన్ చేసిన కుర్రాడిని పట్టుకుని వాంగ్మూలం తీసుకున్నారు. ఎరుకలవాళ్లను గీయమని తనకెవరూ చెప్పలేదట. రేషన్ షాపు, బిందెలు పేలవంగా ఉన్నాయి, దొంగల బొమ్మ పెట్టు అన్నారట. దొంగలు అనగానే తనకు తోచింది గీశాడట. ఆ కుర్రాడు నిజమే చెప్పాడనుకుంటాను. సర్టిఫికెట్ వచ్చిన వీడియోలో బొమ్మ మార్చమన్నది ఎవరో కూడా ఆ వాంగ్మూలంలో ఉందంటున్నారు. దాన్ని ఛార్జిషీటుకు జతచేయమని మొన్న ఇంకో అర్జీ టైపు చేసి ఇచ్చాను, రసీదు తీసుకున్నాను.